శరీరం అమానత్: బరువు తగ్గించే మూలికా మందులపై ధర్మదృష్టి

"మౌలానా! ఇది ఇంగ్లీషు మందు కాదు, మూలికే. వాడితే తప్పేమైనా ఉందా?" జుమా నమాజు తర్వాత మస్జిదుల్లోనూ, స్త్రీల ఇజ్తిమాల్లో పరదా చాటు నుంచి వచ్చే చీటీల్లోనూ ఈమధ్య తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఇది. అడిగేవారి దగ్గర ఒక డబ్బా ఉంటుంది. దానిమీద పచ్చని ఆకుల బొమ్మ, సన్నబడిన ఒక మనిషి చిత్రం ఉంటాయి. కొన్నిటి మీద ఖుర్ఆన్ ఆయతు, తేనె బొమ్మ, 'తిబ్బె నబవీ' అనే మాట కూడా ఉంటాయి. లోపల ఏముందో మాత్రం అడిగినవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు.

ఇది చిన్న ప్రశ్న కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022 నాటికి లోకంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు స్థూలకాయులు. మన దేశంలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలలో 24 శాతం, పురుషులలో సుమారు 23 శాతం మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే స్త్రీలలో మూడో వంతుకు పైగా ఇదే స్థితిలో ఉన్నారు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు లేని ఇల్లు మన మొహల్లాల్లో వెతికినా దొరకడం కష్టమే. కాబట్టి బరువు తగ్గాలన్న కోరిక దానికదే వ్యర్థమైనది కాదు. ఏ ఉద్దేశంతో తగ్గాలి, ఏ మార్గాన తగ్గాలి, ఎవరి మాట నమ్మి తగ్గాలి అన్నదే అసలు విచారణ.

శరీరం ఎవరిది?

"నా ఒళ్లు నా ఇష్టం" అనే మాట నేడు చాలా సహజంగా వినిపిస్తోంది. విశ్వాసి నోట ఈ మాట రాకూడదు. మన శరీరానికి మనం యజమానులం కాము, కాపలాదారులం మాత్రమే. యజమాని అల్లాహ్. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని సూరతున్నిసా (4:29)లోనూ, మీ చేతులతో మిమ్మల్ని వినాశనంలోకి నెట్టుకోవద్దని సూరతుల్ బఖరా (2:195)లోనూ ఆయన ఆజ్ఞాపించాడు. మన సొంతమే అయితే ఈ ఆజ్ఞలకు అర్థమేముంది?

ప్రళయదినాన దాసుడు నాలుగు విషయాలకు సమాధానం చెప్పనిదే అతని పాదాలు కదలవని హజ్రత్ అబూ బర్జా అస్లమీ (ర) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీలో ఉంది. జీవితకాలం, జ్ఞానం, ధనంతోపాటు ఆ నాలుగింటిలో శరీరం కూడా ఉంది. దాన్ని దేనిలో అరగదీశావని అడగటం జరుగుతుంది. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు అంటూ తన శరీరాన్ని అలసటకు గురిచేసిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర)కు, నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉందని దైవప్రవక్త (స) గుర్తుచేశారు. ఆరాధన పేరుతోనే శరీరం హక్కును కాలరాయడానికి అనుమతి లేనప్పుడు, అందం పేరుతో దాన్ని పణంగా పెట్టడానికి అనుమతి ఎక్కడిది?

ఇమామ్ గజాలీ (రహ్మ), ఇమామ్ షాతిబీ (రహ్మ) వంటి ధర్మవేత్తలు షరీఅత్ లక్ష్యాలను ఐదింటిగా లెక్కించారు. ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ధనం: వీటి పరిరక్షణే ఆ లక్ష్యాలు. ఎటువంటిదో తెలియని మందు తిన్నవాడు ప్రాణాన్నీ ధనాన్నీ రెండింటినీ ఒకేసారి ప్రమాదంలో పెడుతున్నాడు.

లావుగా ఉండటం పాపమా?

ఇక్కడ కొందరు అతిగా పోతారు. మంచి తరాల తర్వాత వచ్చే వారిలో స్థూలకాయం కనిపిస్తుందన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) ఉల్లేఖనాన్ని చూపించి, లావుగా ఉన్నవారిని ఈమాన్ లేనివారిగా మాట్లాడతారు. ఇమామ్ నవవీ (రహ్మ) ఈ హదీసును వివరిస్తూ, తిండియావతో, విలాసంతో ఒళ్లు పెంచుకున్నవాడికే ఈ నింద వర్తిస్తుందనీ, సహజంగానే ఆ శరీరంతో పుట్టినవాడికి వర్తించదనీ తేల్చి చెప్పారు. థైరాయిడ్ సమస్య, స్త్రీలకు వచ్చే కొన్ని గర్భాశయ, అండాశయ సంబంధ సమస్యలు, స్టెరాయిడ్ వంటి మందులు, కాన్పులు, వయసు... ఇవన్నీ బరువు పెంచుతాయి. ఎదుటి మనిషి ఏ కారణంగా అలా ఉన్నాడో మనకేం తెలుసు? అల్లాహ్ మీ రూపాలనూ శరీరాలనూ చూడడు, మీ హృదయాలనూ ఆచరణలనూ చూస్తాడన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (ర) చాలా సన్నని మనిషి. ఆయన పిక్కలు చూసి కొందరు సహచరులు నవ్వినప్పుడు, అవి త్రాసులో ఉహుద్ కొండకన్నా బరువైనవని దైవప్రవక్త (స) అన్నారు. సన్నగా ఉన్నవారిని చూసి నవ్వడం తప్పయితే లావుగా ఉన్నవారిని చూసి నవ్వడమూ తప్పే. అల్లాహ్ త్రాసు మన తూకం యంత్రం లాంటిది కాదు.

మరి బరువు మార్చుకోవాలని ప్రయత్నించడం అల్లాహ్ సృష్టిని మార్చడం అవుతుందా? కాదు. సూరతున్నిసా (4:119)లో షైతాను పనిగా చెప్పబడిన సృష్టి మార్పు వేరు, చెడిన ఆరోగ్యాన్ని సమస్థితికి తెచ్చుకోవడం వేరు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) జీవితంలోనే దీనికి ఆధారం ఉంది. దైవప్రవక్త (స) ఇంటికి పంపేముందు ఆమె కొంచెం ఒళ్లు చేయాలని ఆమె తల్లి ఎన్నో ప్రయత్నాలు చేశారు. అవేవీ ఫలించలేదు. చివరకు దోసకాయను తాజా ఖర్జూరంతో కలిపి తినిపిస్తే చక్కగా ఒళ్లు వచ్చిందని ఆమే స్వయంగా చెప్పారు. ఈ ఉల్లేఖనం అబూ దావూద్, ఇబ్నె మాజాలలో ఉంది. పెంచుకోవడానికి ఆహారాన్ని వాడటం ధర్మసమ్మతమైతే, తగ్గించుకోవడానికి వాడటమూ ధర్మసమ్మతమే. అయితే ఆ తల్లి వాడిన వస్తువులను గమనించండి. అవి రోజూ ఇంట్లో తినేవి, అందరికీ తెలిసినవి. పేరు చెప్పని పొడి కాదు.

ఉద్దేశం విషయానికి వస్తే, డాక్టరు హెచ్చరించాడని బరువు తగ్గదలచుకున్న షుగరు రోగికి పుణ్యమే. నమాజులో రుకూ, సజ్దా సులభంగా చేయాలని, పిల్లల వెంట పరుగెత్తే శక్తి కావాలని తగ్గాలనుకునేవారికీ పుణ్యమే. బలమైన విశ్వాసి బలహీనుడికన్నా అల్లాహ్‌కు ప్రియమైనవాడని హదీసు. భర్తకు నచ్చేలా ఉండాలని భార్య, భార్యకు నచ్చేలా ఉండాలని భర్త కోరుకోవడం కూడా మెచ్చదగినదే. కాని పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "పిల్ల కాస్త లావుగా ఉంది" అని పోతే, ఆ రాత్రే ఏదో ఒక పొడి మింగడం మొదలుపెట్టిన అమ్మాయి సంగతేమిటి? ఆ పొడి ఆమెకు హాని చేస్తే ఆ పాపంలో ఆమె నోరు ఒక్కటే కాదు, ఆ మాట అన్న నోళ్లు కూడా భాగస్వాములే. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని సూరతుల్ హుజురాత్ (49:11) స్త్రీలను ప్రత్యేకంగా పేర్కొని మరీ హెచ్చరించింది.

'మూలిక' అంటే హాని లేనిదనా?

ఇదే ఈ విషయంలో అందరినీ మోసగించే మాట. "ఆకు అల్లాహ్ సృష్టి, మాత్ర మనిషి తయారీ; కాబట్టి ఆకు మంచిది" అని వాదిస్తారు. ఉమ్మెత్త కూడా అల్లాహ్ సృష్టే. గన్నేరు కూడా అల్లాహ్ సృష్టే. గన్నేరు కాయ తింటే ఏమవుతుందో పల్లెలో పసివాడికి కూడా తెలుసు. భూమిలో ఉన్నదంతా మనకోసం సృష్టించబడిందంటే, అంతా తినడానికి సృష్టించబడిందని అర్థం కాదు. ఖుర్ఆన్ మనల్ని తినమన్నది 'హలాల్, తయ్యిబ్' అయినవాటిని (2:168). మొదటిది ధర్మసమ్మతం, రెండవది పరిశుద్ధం, మేలైనది. ఈ రెండు షరతులూ నెరవేరాలి.

ఈ భేదాన్ని స్వయంగా దైవప్రవక్త (స) నేర్పారు. విరేచనానికి ఏం వాడతావని హజ్రత్ అస్మా బిన్త్ ఉమైస్ (ర.అన్హా)ను ఆయన అడిగారు. ఆమె షుబ్రుమ్ అనే మొక్క పేరు చెప్పారు. అది చాలా తీవ్రమైనదని ఆయన దాన్ని మెచ్చలేదు. తర్వాత ఆమె సనా వాడటం మొదలుపెట్టారు. దాన్ని ఆయన ఎంతో మెచ్చుకున్నారు. తిర్మిజీ, ఇబ్నె మాజాలలోని ఈ సంఘటనలో రెండూ మూలికలే. రెండూ ఒకే పనికి వాడేవే. అయినా ఒకటి వద్దన్నారు, మరొకటి మంచిదన్నారు. మూలిక కావడమే చాలునని ఆయన అనలేదు.

విచిత్రం ఏమిటంటే, ఇదే సనా ఈనాడు బరువు తగ్గించే టీ పొడుల్లో, చూర్ణాల్లో ఎక్కువగా కలిపే వస్తువు. మన తెలుగులో దీన్ని నేలతంగేడు అంటారు, అత్తారు దుకాణాల్లో సనా మక్కీ అంటారు. దీని పని మలబద్ధకం పోగొట్టడం. ఇది పెద్దప్రేగును కదిలిస్తుంది. తిన్న ఆహారంలోని సారమంతా దాదాపుగా చిన్నప్రేగులోనే శరీరంలోకి వెళ్లిపోయి ఉంటుంది. అందుచేత సనా తిన్నవారు తూకం వేసుకుంటే తగ్గేది కొవ్వు కాదు, నీరు. రెండు గ్లాసుల నీళ్లు తాగితే ఆ బరువు మళ్లీ వస్తుంది. మరికొన్ని రోజులు వాడితే విరేచనాలతోపాటు శరీరంలోని పొటాషియం పోతుంది. దానివల్ల కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. గుండె జబ్బుకు, బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. చాలాకాలం వాడితే అది లేకుండా ప్రేగు కదలని స్థితి వస్తుంది. దైవప్రవక్త (స) మెచ్చిన సనా అదే. కాని ఆయన ఏ పనికి మెచ్చారో ఆ పని వేరు, మనం నెలల తరబడి వాడుతున్న పని వేరు.

ఇంతకన్నా ఘోరమైన గుణపాఠం బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో జరిగింది. 1990 తర్వాత అక్కడ ఒక బరువు తగ్గించే క్లినిక్కు చైనా మూలికలు కలిపిన మందు ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని వాడిన స్త్రీలలో మూత్రపిండాలు పాడైపోవడం డాక్టర్లు గమనించి 1993లో లోకానికి తెలియజేశారు. బాధితుల సంఖ్య నూరు దాటింది. ఎందరికో డయాలసిస్ లేదా మూత్రపిండ మార్పిడి తప్పలేదు. తర్వాతి సంవత్సరాల్లో వారిలో అనేకులకు మూత్రనాళాల క్యాన్సర్ బయటపడింది. కారణమేమిటి? చైనా భాషలో ఫాంగ్‌జీ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు మూలికలు పిలవబడతాయి. ఒకదానికి బదులు మరొకటి కలిసిపోయింది. అలా కలిసినది అరిస్టలోకియా జాతి మొక్క. మన చేలగట్ల మీద దొరికే గాడిదగడపాకు, పల్లెవైద్యంలో వాడే నల్లఈశ్వరి కూడా ఆ జాతివే. ఆ స్త్రీలు విషం అని తెలిసి మింగలేదు, మూలిక అని నమ్మి మింగారు.

అమెరికాలో ఎఫెడ్రా అనే మూలిక కూడా బరువు తగ్గించేదిగా లక్షల మందికి అమ్ముడుపోయింది. గుండెపోటు, పక్షవాతం, మరణాలు సంభవించడంతో 2004లో ఆ దేశ ప్రభుత్వం దానితో చేసిన సప్లిమెంట్లను నిషేధించింది. గ్రీన్ టీ కప్పు తాగడం వేరు, దాని సారాన్ని చిక్కబరచి మాత్రలుగా మింగడం వేరు. అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తెలిపింది. పరిమాణం మారితే వస్తువు స్వభావమే మారిపోతుంది.

పైన ఆకు, లోపల రసాయనం

ఇంకో మోసం ఉంది. కొన్ని డబ్బాల్లో మూలిక పేరుకే ఉంటుంది. పనిచేసేది రహస్యంగా కలిపిన రసాయనం. సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు గుండెపోటు, పక్షవాతాల ముప్పును పెంచుతోందని 2010లో ఐరోపా, అమెరికా మార్కెట్ల నుంచి తొలగించబడింది. మన దేశంలో 2011లో నిషేధించబడింది. ఆ తర్వాత కూడా అది 'ఆయుర్వేద', 'హెర్బల్' పేర్లు పెట్టుకున్న పొడుల్లో దొరుకుతూనే ఉంది. 2007 నుంచి 2016 వరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రసాయన మందులు దాచి కలిపినట్లు గుర్తించిన 776 సప్లిమెంట్లలో 317 బరువు తగ్గిస్తామని అమ్మినవే. "పది రోజుల్లోనే ఆకలి చచ్చిపోయింది, భలే పనిచేస్తోంది" అని ఎవరైనా అంటే సంతోషించడం కాదు, భయపడాలి.

దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చెయ్యిపెట్టారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. వర్షానికి తడిసిందని వ్యాపారి చెప్పాడు. జనం చూసేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. తడి గింజల్ని దాచినవాడికే ఇంత గట్టి మాట అయితే, నిషిద్ధ మందును ఆకు బొమ్మ వెనక దాచినవాడి సంగతేమిటి?

ఇక మన మధ్య అమ్మేవారి విషయం. ఇంట్లో కూర్చుని వాట్సాప్ గ్రూపుల ద్వారా ఈ పొడులు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించుకునే సోదరీమణులు ఉన్నారు. వారిలో భర్త లేనివారు, ఇంటి అద్దె కట్టలేక ఇబ్బందిపడేవారు ఉన్నారు. వారి కష్టం నిజమైనదే. కాని వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగే నష్టానికి బాధ్యుడని అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజాలలోని హదీసు స్పష్టంగా చెబుతోంది. దీన్ని ఆధారం చేసుకునే ఫుఖహా 'జమాన్' అంటే నష్టపరిహార బాధ్యతను నిర్ణయించారు. "కంపెనీవాళ్లు చెప్పారు, నేను చెప్పాను" అనడం అక్కడ సమాధానం కాదు. తెలియని దాని వెంటపడవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నీ ప్రశ్నించబడతాయనీ సూరతు బనీ ఇస్రాయీల్ (17:36) చెబుతోంది. ప్రభుత్వ చట్టం కూడా ఈ విషయంలో మెత్తగా లేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల పట్టికలో స్థూలకాయాన్ని కూడా చేర్చింది.

"కలోంజీ హదీసు ఉంది కదా!"

ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. నల్ల జీలకర్రలో మరణం తప్ప అన్ని జబ్బులకూ స్వస్థత ఉందన్న హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని ఖుర్ఆన్ (16:69)లో ఉంది. ఈ పొడిలో అవి రెండూ ఉన్నాయి కాబట్టి అనుమానించడం ఈమాన్‌కు విరుద్ధమని అమ్మేవారు అంటారు.

మొదటి సంగతి: హదీసు కలోంజీ గురించి, డబ్బా గురించి కాదు. ఒక చెంచా కలోంజీ కలిపినంత మాత్రాన మిగతా పది వస్తువులకు హదీసు హామీ రాదు. రెండవది: ఇమామ్ ఖత్తాబీ (రహ్మ) వంటి హదీసువేత్తలు ఈ మాట సాధారణంగా కనిపించినా, దాని స్వభావానికి తగిన జబ్బులకే వర్తిస్తుందని వివరించారు. హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) ఆ వివరణను తన ఫత్హుల్ బారీలో పొందుపరచారు. మూడవది: కడుపు నొప్పి ఉన్న తమ్ముడికి తేనె తాగించమని దైవప్రవక్త (స) చెప్పిన సంఘటన. ఆ సోదరుడు గుణం కనపడలేదని మళ్లీ మళ్లీ వచ్చాడు. మళ్లీ మళ్లీ తాగించమనే చెప్పారు, చివరకు నయమైంది. అల్లామా ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) దీన్ని వివరిస్తూ, మందుకు ఒక పరిమాణం ఉంటుందనీ, తక్కువైతే పనిచేయదనీ, ఎక్కువైతే హాని చేస్తుందనీ రాశారు. ఖుర్ఆన్‌లో పేరున్న మందుకే పరిమాణం చూడాలని పెద్దలు అంటుంటే, పేరు కూడా లేని పొడిని కళ్లు మూసుకుని మింగడం ఈమాన్ ఎలా అవుతుంది? ప్రవక్త (స) పేరును వ్యాపారపు గుర్తుగా వాడుకోవడమే అసలు బే అదబీ.

మూడు తరగతుల సాధనాలు

ఔరంగజేబు కాలంలో కూర్చబడిన ఫతావా ఆలంగీరీలో, కష్టాన్ని తొలగించే సాధనాలను మూడు తరగతులుగా విభజించారు. మొదటిది నిశ్చితమైనది, దాహానికి నీరు, ఆకలికి రొట్టె. దీన్ని వదలడం తవక్కుల్ కాదు, ప్రాణభయం ఉన్నచోట వదిలితే హరామ్. రెండవది ప్రబలమైన నమ్మకం గలది. వైద్యులు చేసే చికిత్సలు. వీటిని చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. మూడవది ఊహ మీద ఆధారపడినది. దీన్ని వదిలేయడమే తవక్కుల్‌కు తగినది.

ఈ కొలబద్దతో మన విషయాన్ని కొలుద్దాం. తక్కువ తినడం, నడవడం మొదటి తరగతికి దగ్గరగా ఉన్నాయి. జబ్బువల్ల బరువు పెరిగినవారికి డాక్టరు లేదా అర్హతగల హకీమ్ ఇచ్చే చికిత్స రెండవ తరగతి. 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా డాక్టరు అవసరమని చూసి రాస్తే ఇందులోనివే. పేరు తెలియని చూర్ణం మూడవది. నిజానికి మూడవదానికన్నా దిగువది. ఎందుకంటే మూడవ తరగతిలో పనిచేస్తుందా లేదా అన్నదే అనుమానం, ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుందా అన్న అనుమానం కూడా ఉంది. లాభం కన్నా ముందు నష్టాన్ని నివారించాలన్నది ఫిఖ్హ్ సూత్రం.

సులభ మార్గం కోరుకోవడం తప్పా?

"కష్టపడకుండా తగ్గాలనుకోవడం పాపమా మౌలానా?" అని ఒక సోదరుడు అడిగాడు. పాపం కాదు. అల్లాహ్ మీకు సౌలభ్యం కోరుతున్నాడని ఖుర్ఆనే (2:185) అంటోంది. బాధపడటమే పుణ్యమని ఇస్లాం ఎక్కడా చెప్పలేదు. హానిలేని, నిజంగా పనిచేసే మందు ఉంటే వాడుకోవచ్చు. కాని ఒకటి ఆలోచించాలి. వలీమాలో కడుపు పగిలేదాకా బిర్యానీ తిని, రాత్రికి చూర్ణం వేసుకుని బయటకు పంపేవాడు ఏం చేస్తున్నాడు? మొదట ఇస్రాఫ్ చేశాడు, తర్వాత ఆ ఇస్రాఫ్‌కు శరీరం చేత జరిమానా కట్టిస్తున్నాడు. తినండి, త్రాగండి, మితిమీరకండి అన్న ఆజ్ఞ (7:31) చూర్ణం కనిపెట్టినంత మాత్రాన రద్దు కాలేదు. కడుపు నిండిన తర్వాత కూడా తినడం నిషిద్ధమని మన హనఫీ ఫుఖహా రాశారు. అతిథి మొహమాటపడకుండా తోడు కూర్చోవడం, రేపటి రోజా కోసం శక్తి కూడగట్టుకోవడం వంటివి మాత్రమే మినహాయింపు.

హజ్రత్ మిఖ్దామ్ బిన్ మఅదీకరిబ్ (ర) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు మనందరికీ తెలిసిందే. మనిషి నింపే పాత్రల్లో కడుపుకన్నా చెడ్డది లేదు. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలు. తప్పనిసరి అయితే మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి. దీన్ని గోడకు తగిలించుకున్నాం, దస్తర్ఖాన్ మీదికి తెచ్చుకోలేదు. రమజాన్‌లో కూడా మన బరువు పెరుగుతోందంటే ఇఫ్తార్‌లో ఏదో తేడా ఉందన్నమాటే. యునానీ వైద్యంలోనూ తదబీర్, గిజా అంటే జీవనవిధానం, ఆహారం సరిచేయడమే ముందు. దవా ఆ తర్వాతే. హైదరాబాదులో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రి సంప్రదాయం కూడా ఇదే. అసలైన హకీమ్ నాడి చూడకుండా, ఏం తింటున్నావని అడగకుండా పొడి పొట్లం చేతికివ్వడు.

దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. తర్వాత ఆమెకు ఒళ్లు వచ్చాక మళ్లీ పందెం వేస్తే ఆయన గెలిచి, అప్పటిదానికి ఇది బదులని నవ్వారు. ఒళ్లు వచ్చిందని ఆమెను నొప్పించలేదు, ఆమెతో కలిసి పరుగెత్తారు. భార్య లావైందని సణిగే భర్తలు ఈ సున్నత్‌ను కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి. ఫజ్ర్ తర్వాత అరగంట ఆమెతో కలిసి నడవడానికి ఏ డబ్బా ఖర్చూ లేదు.

వాడేముందు చూడవలసినవి

మూలికలన్నీ హరామ్ అని మేము అనడం లేదు. వస్తువులలో అసలు ఆదేశం అనుమతే. ఇసబ్‌గోల్, మెంతులు వంటివి మన వంటింటి వస్తువులే. కాని మందుగా వాడేముందు ఈ విషయాలు చూడండి.

ఒకటి, లోపల ఏముందో, ఎంతెంత ఉందో రాసి ఉండాలి. లేకపోతే తీసుకోకండి. రెండు, ఆహార సప్లిమెంటు అయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. అవి వైద్యానికి కావని వాటిమీదే రాయాలన్నది నిబంధన. దానితో జబ్బు నయమవుతుందని ఎవరైనా చెబితే ఆ మాటే అబద్ధానికి గుర్తు. మూడు, క్యాప్సూల్ జిలాటిన్‌తో చేసిందా అని చూడండి; అది పంది చర్మం నుంచి, జబహ్ చేయని పశువుల నుంచి కూడా తయారవుతుంది. మొక్కల నుంచి చేసిన క్యాప్సూళ్లు దొరుకుతున్నాయి. మత్తు పదార్థంతో చేసే చికిత్స గురించి హజ్రత్ తారిఖ్ బిన్ సువైద్ (ర) అడిగితే, అది మందు కాదు, రోగమన్నది ప్రవక్త (స) జవాబు. నాలుగు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు, బీపీ, గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఏదీ ముట్టకూడదు. వాడుతున్నదేదో డాక్టరు దగ్గర దాచకూడదు. ఐదు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుకు మారడం, గుండెదడ, నీరసం కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. మీకు తెలియకపోతే తెలిసినవారిని అడగండన్న ఖుర్ఆన్ బోధ (16:43) ధర్మ విషయాలకు ఎలాగో, ప్రాణ విషయాలకూ అలాగే.

సోదర సోదరీమణులారా! బరువు పెరగడం ఒక పరీక్ష, తగ్గించుకోవడం ఒక బాధ్యత. కాని ఆ బాధ్యతను తెలియని చేతులకు అప్పగించి, పోయిన ఆరోగ్యానికి విధిని నిందించడం విశ్వాసి లక్షణం కాదు. అత్తలు కోడళ్ల ఒంటిని మాటలతో తూచడం మానాలి. అమ్మేవారు తాము తమ బిడ్డకు పెట్టనిది ఇతరుల బిడ్డకు అమ్మకూడదు. మనమందరం దస్తర్ఖాన్ దగ్గరే మొదలుపెట్టాలి. ఇంకొక ముద్ద తినగలిగి ఉన్నప్పుడే చెయ్యి వెనక్కి తీసుకోవడం అలవరచుకోవాలి.

ఓ అల్లాహ్! నీవిచ్చిన శరీరాన్ని నీ ఆరాధనలో, నీ దాసుల సేవలో అరగదీసే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. మా తిండిలో మితాన్ని, మా వ్యాపారంలో నిజాయితీని, మా నాలుకల్లో మృదుత్వాన్ని కలిగించు. మా రోగులకు సంపూర్ణ స్వస్థతను అనుగ్రహించు. ఆమీన్.